గుడ్డట్టు వేస్తూ ప్రార్థన

పడవ నిండా ద్రాక్షారసం పీపాలు. మఠానికి సరుకు కొనుక్కురమ్మని బర్గండీ పంపిన ఆ బ్రదర్‌కి ఒక కాలు అవిటి, బేరసారాలా చేతకావు. పడవలో ఈ చివరి నుంచి ఆ చివరికి పోవాలంటే పీపాల మీద పడి దొర్లడమే దారి. ‘ఇది నీ పని, నువ్వే చూసుకో’ అన్నట్టు దేవుడికి అప్పగించేశాడట. ఎలా అయిందో తెలీదు గానీ పని చక్కగా అయిందని తర్వాత చెప్పాడు.

భక్తి పుస్తకంలో ఇలాంటి సంగతి ఎదురవుతుందని ఎవరనుకుంటారు? బ్రదర్ లారెన్స్ పేరు మీద మూడు వందల ఏళ్లుగా చదువుతున్న ‘దైవసన్నిధి సాధన’ పనితనమంతా నాకు ఇక్కడే దొరుకుతుంది. కుంటికాలునీ పీపాలనీ పక్కకు నెట్టకుండా, వాటి మధ్యనే ప్రార్థనకు చోటు చేస్తుంది.

అతని అసలు పేరు నికొలా హెర్మాన్, ఊరు లొరేన్ ప్రాంతం. సిపాయిగా యుద్ధంలో గాయపడ్డాడు. తర్వాత ఒక పెద్దమనిషి ఇంట నౌకరు. చేతికందిన ప్రతిదీ పగలగొట్టే మొద్దునని తనే చెప్పుకున్నాడు. 1640లో పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో చేరాడు. ఫాదర్ కాలేదు, చివరిదాకా బ్రదరే. అప్పగించింది వంటశాల, ఆ తర్వాత చెప్పులు బాగుచేసే పని.

పుస్తకం రాద్దామని అతను కూర్చోలేదు. జోసెఫ్ ద బోఫోర్ అనే మతగురువు 1666 ఆగస్టు 3న అతన్ని కలిసి విన్నది రాసిపెట్టుకున్నాడు. అలాంటి సంభాషణలు నాలుగు. లారెన్స్ 1691లో పోయాక వాటినీ అతని ఉత్తరాలనూ అచ్చు వేయించాడు. సంభాషణల్లో బోఫోర్ నిగ్రహం మెచ్చుకోదగ్గది. ‘అతను ఇలా అన్నాడు’ అని చెప్పి తప్పుకుంటాడు, నగిషీలు చెక్కడు. పద్దెనిమిదేళ్ల వయసులో లారెన్స్ మనసు మార్చిన ఘట్టం కూడా అంతే: చలికాలంలో ఒక మోడుచెట్టు, అది మళ్లీ చిగురిస్తుందన్న తలంపు. వేరే ఎవరైనా అయితే అక్కడ ఆకాశవాణి వినిపించేవారు.

వంటపనంటే లారెన్స్‌కి స్వతహాగా గిట్టదు. అయినా పదిహేనేళ్లు చేశాడు. పెనం మీద గుడ్డట్టు తిరగేసేది దేవుడి మీది ప్రేమతోనే అంటాడు. అది దించాక చేతిలో పని లేకపోతే అక్కడే నేల మీద సాగిలపడి, ఆ అట్టు వేయనిచ్చినందుకు స్తోత్రం చెప్పేవాడట. వంటపనిలో ఏదో గూఢార్థం ఉందని మాత్రం ఎక్కడా అనడు. అతని అట్టు అట్టే. మన ఇళ్లలో రాత్రి కుటుంబ ప్రార్థన ఉంటుంది, ఆదివారం ఆరాధన ఉంటుంది. పొయ్యి దగ్గరా బస్సులోనూ గడిచే మిగతా గంటల సంగతి ఈ పుస్తకానిది.

వంటింటి ముచ్చట ప్రసంగాల్లో తరచూ వినిపిస్తుంది. దాని వెనక ఉన్న పదేళ్లు వినిపించవు. మొదటి పదేళ్లు చాలా నలిగానని, పడుతూ లేస్తూ వచ్చానని ఒక ఉత్తరంలో రాశాడు. మనసు చెదిరితే తనను తాను తిట్టుకుంటూ కూర్చోకుండా, నెమ్మదిగా వెనక్కి తిప్పుకోమంటాడు. ఈ పదేళ్లు తీసేస్తే మిగిలేది తీపి కబురే.

ఉత్తరాల్లో ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. వరసగా చదివితే విసుగొస్తుంది కూడా. ఎప్పుడూ ఇదే చెబుతున్నానంటారేమో, నిజమే, ఇంతకంటే సులువైన దారి నాకు తెలియదని అతనే ఒప్పేసుకుంటాడు. ఒకచోట తన అనుభవాన్నే మఠంలో ఇంకెవరో బ్రదర్‌దన్నట్టు మూడో మనిషి కథగా నడుపుతాడు.

నాకు అన్నిటికన్నా నచ్చినది ఒక సైనికుడి గురించిన ఉత్తరం. నడకలో ఉన్నా, చేతిలో కత్తి ఉన్నా, క్షణం పాటు మనసు దేవుడి వైపు ఎత్తితే చాలు, అదీ ప్రార్థనే. దానివల్ల ధైర్యం తగ్గదు, పెరుగుతుంది అంటాడు. ఆ సైనికుడికి ఉపవాసమని గానీ జాగరణ అని గానీ చెప్పడు. తనూ ఒకప్పుడు ఆ నడక నడిచినవాడే కదా, అక్కడ ఎంతసేపు వీలవుతుందో తెలుసు.