చేతి వేళ్లతో చదివే ఏడాది

చర్మం కోసేదాకానే కత్తికి పని. ఆ కింద కొవ్వు, పొరలు, వాటిలో దాగిన సన్నటి నరాలు కనిపించగానే దాన్ని పక్కన పెట్టాలి. మూసిన కత్తెర మొనను పొరలోకి దింపి, లోపల మెల్లగా తెరవాలి. పొర దానంతట అదే విడిపోతుంది, నరం మాత్రం తెగకుండా నిలుస్తుంది. డిసెక్షన్ (శవచ్ఛేదన) అంటే కోతే అనుకుని వచ్చిన మెడికల్ పిల్లలకు ఈ విడదీసే పని పట్టుబడడానికి వారాలు పడుతుంది. టేబుల్ దగ్గర పాఠం చెప్పేవాళ్ల నోట పదేపదే వచ్చే మాట, “కత్తి అక్కడ పెట్టమ్మా, వేలితో చూడు.”

గుంటూరు మెడికల్ కాలేజీ 1946 నాటిది. ఒంగోలులో ప్రభుత్వ కాలేజీ ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు వచ్చింది, మంగళగిరి ఎయిమ్స్‌లో తరగతులు 2018లో మొదలయ్యాయి. ఎక్కడ చేరినా మెడికో మొదటి ఏడాది గడిచేది శవాలను పాడవకుండా ఉంచే ఫార్మలిన్ వాసనలోనే. ఆ ఘాటుకు మొదటి రోజుల్లో కళ్లు నీళ్లు కారతాయి, అన్నం సహించదు. చేతులు ఎంత రుద్దుకున్నా వాసన వదలదు. డిసెక్షన్ హాలులో అడుగుపెట్టే ముందు టేబుల్ మీది దేహం పట్ల గౌరవంగా ఉంటామని పిల్లల చేత ప్రమాణం చేయిస్తారు. చాలా మందికి చావును అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. ఆ రాత్రి హాస్టల్లో నిద్ర పట్టకపోతే దాన్ని పిరికితనం అనకూడదు.

పాఠం సాధారణంగా ఛాతీ, చంక, చెయ్యితో మొదలవుతుంది. ఛాతీ మీది పెద్ద కండరాన్ని పక్కకు తిప్పి, దాని కిందున్న చిన్న కండరాన్ని దాటితే చంకలో నరాల అల్లిక కనిపిస్తుంది. మెడ నుంచి వచ్చే ఐదు వేర్లు కలిసి, విడిపోయి, మళ్లీ కలిసి, చివరికి చేతిలోకి దిగే నరాలవుతాయి. పుస్తకంలో ధమని ఎర్రగా, సిర నీలంగా, నరం పసుపుగా అచ్చవుతాయి. టేబుల్ మీద అన్నీ దాదాపు ఒకే మట్టిరంగు. కాబట్టి తేడా వేళ్లకే తెలియాలి. ధమని గోడ దళసరిగా ఉండి, నొక్కితే లోపలి బోలు తెలుస్తుంది. సిర చప్పిడిగా అణిగిపోతుంది. నరం పేనిన నూలుతాడులా గట్టిగా తగులుతుంది.

దేహం పుస్తకం మాట వినదు కూడా. చేతి ధమని మోచేతి దగ్గర రెండుగా చీలుతుందని చదువుకుని వస్తారు, ఒక్కోసారి అది పైన భుజం దగ్గరే చీలి ఉంటుంది. పిల్లలు కంగారుగా పక్క టేబుల్‌కు పరుగెత్తి చూసి వస్తారు. ఈ సంప్రదాయం విలువ నాకు ఇక్కడే బాగా కనిపిస్తుంది. ఏ ఇద్దరు మనుషులూ లోపల కూడా ఒకేలా ఉండరని ఇరవై ఏళ్లు నిండకముందే కళ్లారా చూసినవాడు రేపు ఆపరేషన్ టేబుల్ దగ్గర తొందరపడడు.

శవాన్ని విడదీసి చదవడం మనకు కొత్త విద్య కూడా కాదు. శవాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో పెట్టి ప్రవాహంలో ఏడు రాత్రులు ఉంచి, ఆ తర్వాత వట్టివేళ్ల కుంచెలాంటి వాటితో పొరపొరగా రుద్ది చూడాలని సుశ్రుత సంహిత చెబుతుంది. పద్ధతి మధ్యలో మరుగున పడింది. 1836లో కలకత్తాలో మధుసూదన్ గుప్తా మళ్లీ శవచ్ఛేదనకు పూనుకోవడం పెద్ద సంచలనమైంది.

అనాటమీ ఒక్కటే అయితే ఏదోలా నెట్టుకురావచ్చు. ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ కూడా దానితోపాటే నడుస్తాయి. ఒకప్పుడు ఏడాదిన్నర పట్టే ఈ మూడు సబ్జెక్టుల తొలి దశను 1997 నాటి వైద్య విద్య నిబంధనలు ఏడాదికి కుదించాయి. పొద్దున లెక్చర్లు, తర్వాత డిసెక్షన్, మధ్యాహ్నం ల్యాబులు. రాత్రి గులాబీ, ఊదా పెన్సిళ్లతో హిస్టాలజీ రికార్డులో బొమ్మలు. దిండు పక్కన తొడ ఎముక పెట్టుకుని ఏ గరుకు మీద ఏ కండరం అంటుకుంటుందో వల్లె వేస్తూ నిద్రపోతారు, ఎందుకంటే తెల్లారితే వైవా. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు ఇంగ్లిష్, లాటిన్ పేర్ల బరువు దీనికి అదనం. ఇంటర్లో కాలేజీ ఫస్టు వచ్చిన పిల్ల మొదటి ఇంటర్నల్స్‌లో తప్పి ఏడుస్తుంది. తెలివి తగ్గిపోయి కాదది, చదవాల్సిన తీరు మారిపోయింది. ఈ సంగతి ఇంట్లోవాళ్లకు తెలియకపోవడం వల్లే చాలా ఫోన్లు కన్నీళ్లతో ముగుస్తాయి.

గుంటూరు, ఒంగోలు గడ్డ మీద చదివేవాళ్లకు ఆ పాఠాలు పుస్తకం దాటి వస్తాయి. మిరపలోని క్యాప్సైసిన్ నరాల చివరనున్న ఏ గ్రాహకాన్ని తట్టి మంట పుట్టిస్తుందో కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్‌లో వాటా దక్కింది. గుంటూరు మిర్చి యార్డు పక్కగా వెళ్లి తుమ్మిన విద్యార్థికి నొప్పి పాఠం వేరే చెప్పాలా? నరం నుంచి కండరానికి కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ ఇంకో ఉదాహరణ. పత్తి, మిరప చేలల్లో కొట్టే ఆర్గానోఫాస్ఫరస్ మందులు దాన్ని విరగ్గొట్టే ఎంజైమును అడ్డుకుంటాయి. అందుకే ఆ విషం ఎక్కిన మనిషికి నోట నురగ వస్తుంది, కంటిపాప గుండుసూది మొనంతవుతుంది, కండరాలు అదురుతాయి, ఊపిరి ఆడదు. పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో అట్రోపిన్ ఎందుకు ఎక్కిస్తున్నారో మొదటి ఏడాది ఫిజియాలజీ గట్టిగా చదివినవాడికి అర్థమవుతుంది.

ఎముకల సంగతీ అంతే. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవి. నీటిలోని ఫ్లోరైడ్ వల్ల మనుషుల్లో వచ్చే ఫ్లోరోసిస్ గురించి దేశంలో తొలి వైద్య నివేదికలు 1937లో ఆ జిల్లా నుంచే వచ్చాయి. ఈ జబ్బులో వెన్నుపూసలను కలిపి పట్టే లిగమెంట్లు గట్టిపడి ఎముకగా మారితే మెడ తిరగదు, నడుము వంగదు. చేతిలో మామూలు వెన్నుపూసను పట్టుకుని వెన్నుపాము సాగే రంధ్రాన్ని తడిమి చూసినవాడికి, ఆ రంధ్రం ఇరుకైపోతే కనిగిరి వైపు రైతుకు కాళ్లెందుకు పడిపోతాయో విడమరచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు తెర మీద వేలితో తోస్తే పొరలు తొలగిపోయే డిజిటల్ టేబుళ్లు వస్తున్నాయి. పాఠాన్ని మళ్లీ చూసుకోవడానికి అవి మంచివే. కానీ నొక్కినప్పుడు ధమనికీ నరానికీ తేడా తెర చెప్పలేదు. ఆ పని దేహమే చేయాలి, దేహం ఎవరో ఒకరు ఇవ్వాలి. ఇవ్వదలచినవాళ్లు దగ్గర్లోని మెడికల్ కాలేజీ అనాటమీ విభాగంలో ఫారం నింపవచ్చు. పోయాక అప్పగించాల్సింది ఇంట్లోవాళ్లే కనుక బతికుండగానే వాళ్లను ఒప్పించుకోవాలి. ఫార్మలిన్ ఎక్కించడం ఆలస్యమైతే దేహం పాడవుతుంది, కాబట్టి కబురు వెంటనే అందాలి. పోస్టుమార్టం జరిగిన దేహాన్ని సాధారణంగా తీసుకోరు. కళ్లు దానం చేసినా దేహాన్ని ఇవ్వవచ్చు.