బేరం బండి కింద మొదలవుతుంది

చలికాలం దగ్గరపడుతోందంటే మన కుర్రాళ్ల మనసు లంబసింగి, వంజంగి, అరకు దారుల మీదికి పోతుంది. ఆ వెంటే ఫోర్ బై ఫోర్ బండి మీదికీ పోతుంది. షోరూముకు వెళ్లి కొత్త థార్ ఆన్‌రోడ్ ధర కనుక్కుని, ఇంటికొచ్చి లెక్కలేసుకుని, పాతది చూద్దామనుకుంటారు. అలా అనుకున్నవాళ్లలో కొందరు నాకు ఫోన్ చేస్తారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "వాళ్లు ఎనిమిది లక్షలంటున్నారు. ఎంతకి అడగమంటారు?"

ఎంతకి అన్నది చివర తేలాల్సిన సంగతి. ఎందుకు అంత అన్నది ముందు తేలాలి. కొనేవాడు తన లెక్కను అమ్మేవాడి ఎదుట పైకి చదవగలగాలి, అమ్మేవాడు తన లెక్కను కొనేవాడికి దాచకుండా చెప్పగలగాలి. ఆ రెండు లెక్కలూ కలిసిన చోట పుట్టిందే న్యాయమైన ధర అని నా నమ్మకం. పాత బండ్ల బేరాల్లో చాలాకాలంగా తిరుగుతున్నాను. కారణం చెప్పకుండా ఊరికే తగ్గించమన్న బేరాలు మాట మీద మాట పెరిగి చెడిపోవడం చూశాను. కారణం చూపించి తగ్గించమన్న బేరాలు చాలావరకు కుదరడమూ చూశాను.

మామూలు కారుకైతే మోడల్ సంవత్సరం, తిరిగిన కిలోమీటర్లు, ఎన్నో చేతి బండి అన్న మూడు విషయాలు తెలిస్తే ధర ఇంచుమించు తెలిసిపోతుంది. ఫోర్ బై ఫోర్‌కి అవి చాలవు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద నలభై వేలు తిరిగిన థార్, పాడేరు ఘాట్‌లో కాఫీ బస్తాలు మోస్తూ నలభై వేలు తిరిగిన థార్ కాగితం మీద ఒక్కటే. కిందకి దూరి చూస్తే రెండూ వేరు బండ్లు. పైగా దీనికి మామూలు కారులో ఉండని సరంజామా ఉంటుంది: ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు డిఫరెన్షియల్, ముందు చక్రాలకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు. వీటిలో ఏది పాడైనా ఖర్చు వేలల్లో ఉంటుంది.

అసలు మీరు చూస్తున్నది ఫోర్ బై ఫోరేనా అన్నది మొట్టమొదట తేల్చుకోండి. 2023 జనవరి నుంచి థార్‌లో వెనక చక్రాలకే పవర్ వెళ్లే మోడల్ కూడా వస్తోంది. పైనుంచి చూస్తే తేడా పట్టుకోవడం కష్టం. గేర్ రాడ్ పక్కన రెండో రాడ్ ఉందో లేదో చూస్తే చాలు. 2010లో వచ్చిన పాత థార్‌లోనూ టూ వీల్ డ్రైవ్ మోడల్ ఉండేది. "థార్ అంటే థారే కదా" అనుకుని ఫోర్ బై ఫోర్ ధర పెట్టి కొన్నవాళ్లు ఉన్నారు.

ధర కట్టడానికి మొదటి మెట్టు ఈ రోజు కొత్త బండి ధర. అమ్మేవాళ్లు తాము కొన్ననాటి ఇన్‌వాయిస్ చూపిస్తారు. వాళ్ల బాధ నిజమైనదే. అయితే 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. 2.2 లీటర్ల డీజిల్ థార్ లాంటి బండ్ల మీద అంతకుముందు 28 శాతం పన్ను, ఆపైన సెస్సు కలిసి 40 శాతం దాటేది. ఇప్పుడు సెస్సు పోయి మొత్తం 40 దగ్గర ఆగింది. పొడవు నాలుగు మీటర్లు, ఇంజిన్ 1500 సీసీ మించని డీజిల్ బండ్లకైతే 18 శాతానికి దిగింది. కొత్తది తగ్గినప్పుడు పాతదీ తగ్గక తప్పదు. ఈ మాట అమ్మేవాళ్లకు మెత్తగా చెప్పాలి, ఎందుకంటే పన్ను తగ్గడంలో వాళ్ల తప్పేమీ లేదు. కన్సల్టెన్సీలో కొంటుంటే వాళ్ల లాభం, ఆ లాభం మీద వాళ్లు కట్టే 18 శాతం జీఎస్టీ కూడా ధరలో కలిసే ఉంటాయి. అందుకే నేరుగా యజమాని దగ్గర దొరికే ధరతో దాన్ని పోల్చి వాళ్లను తప్పుపట్టకూడదు.

ఈ లెక్కకు లొంగని బండ్లూ ఉన్నాయి. మారుతి జిప్సీ 1985లో వచ్చి 2019లో ఆగిపోయింది. ఇక కొత్తది రాదు కాబట్టి దాని ధరను వయసు నిర్ణయించదు. తుప్పు పట్టని ఛాసీ, మార్చని ఇంజిన్, సరైన కాగితాలు నిర్ణయిస్తాయి. పాత మహీంద్రా జీపులదీ అదే దారి. హర్యానాలోని మండీ డబ్వాలీలో పాత జీపులకు కొత్త బాడీ కట్టి, రంగులేసి, పెద్ద టైర్లు తొడిగి అమ్ముతారు. ఫొటో చూసి అక్కడినుంచి తెప్పించుకునే తెలుగువాళ్లు తక్కువేం లేరు. అలాంటి బండికి డబ్బు మాట ఎత్తేముందు ఛాసీ నంబర్ చూడండి. ఫ్రేమ్ మీద ఆ చోటును గుడ్డతో తుడిచి, పలచటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు ఒక్కొక్కటే పైకి తేలతాయి. ఆర్‌సీ పక్కన పెట్టి చదువుకోండి. ఒక్క అంకె తేడా ఉన్నా, అంకెల చుట్టూ గ్రైండర్ గీతలు కనబడినా ఆ బండికి ధర లేదు. ఎంత తగ్గించి ఇస్తామన్నా వద్దు.

మిగతా బండ్లకు అసలు బేరం కిందనే మొదలవుతుంది. ఒక చాప, టార్చి తీసుకెళ్లండి. డిఫరెన్షియల్ హౌసింగ్ కింద రాళ్లకు కొట్టుకున్న గీతలుంటాయి, వాటికి భయపడక్కర్లేదు. టై రాడ్ వంగిందా, కమాన్ కట్టల్లో ఏ ఆకైనా విరిగిందా, షాఫ్టు చేత్తో పట్టుకుని తిప్పితే క్రాసుల దగ్గర లూజు తెలుస్తోందా, ఇవి చూడాలి. సూర్యలంక, భీమిలి లాంటి తీరాల ఉప్పు ఇసుకలో తిరిగిన బండైతే ఫ్రేమ్‌ను తుప్పు లోపలినుంచి తింటుంది. స్పానర్‌తో వరసగా తడుతూ పొండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్న చోట మోత చచ్చిపోతుంది. నిన్నమొన్న కొట్టిన నల్లరంగు అడుగంతా మెరుస్తుంటే ఇంకో రెండుసార్లు తట్టండి.

ఫోర్ బై ఫోర్ పరీక్ష మట్టిలోనో కంకరలోనో చేయాలి. ఇలాంటి బండ్లలో ముందు, వెనక షాఫ్టులు రెండూ ఒకే వేగంతో తిరగాలి. ఎండు తారు మీద మలుపు తిప్పితే ముందు, వెనక చక్రాల వేగంలో వచ్చే తేడా సర్దుకోవడానికి చోటులేక గేర్లు బిగుసుకుంటాయి. "ఆఫ్‌రోడ్‌కి ఒక్కసారీ తీయలేదండీ" అన్న మాటకు ఎక్కువ ధర అడుగుతారు. నేనైతే ఆ మాటకు పైసా ఎక్కువ ఇవ్వను. ఏళ్ల తరబడి వాడని రాడ్ లింకేజీ పట్టేసి ఉండొచ్చు. వాడి, సమయానికి ఆయిల్ మార్చి, బిల్లులు దాచిపెట్టిన మనిషి బండికి మాత్రం సంతోషంగా ఇస్తాను.

నర్సీపట్నంలో జరిగిన ఒక బేరం చెప్తాను. చింతపల్లి దగ్గర తోట ఉన్న ఒక కుర్రాడు 2017 థార్ చూసుకున్నాడు. అమ్మేది ఒక పెద్దాయన, ఎనిమిది లక్షలు చెప్పారు. బండిని మెకానిక్ షెడ్డుకు తెచ్చాం. మేస్త్రి ముందు హౌసింగ్ ప్లగ్గు విప్పి, చిటికెనవేలు లోపల పెట్టి, తీసి వెలుగులో చూపించాడు. నల్లగానో, తేనెరంగులోనో ఉండాల్సిన ఆయిల్ తెల్లగా మసకబారి, అంచుల్లో నురగ కట్టి ఉంది. బాగా తిరిగి వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని, సీళ్ల సందుల్లోంచి, బ్రీదర్ గొట్టంలోంచి నీళ్లను పీల్చుకుంటుంది. జరిగింది అదే.

పెద్దాయన వంగి తనూ చూశారు. "మొన్నటి వానల్లో గెడ్డ దాటాం బాబూ. నీళ్లు లోపలికెళ్లాయని నాకు తెలీదు" అన్నారు.

"బాబాయ్, మీరే మేస్త్రిని అడగండి, ఎంతవుద్దో" అన్నాడు కుర్రాడు.

"ఆయిల్ మార్చాలి, సీళ్లు కొత్తవెయ్యాలి, బేరింగులు విప్పి చూడాలి. ముప్పై వేలు పక్కన పెట్టుకోండి."

తర్వాత టైర్లు. ప్రతి టైరు పక్కన ఒక చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఇక్కడ 2117 అని ఉంది, అంటే 2017లో 21వ వారం. అరుగుదల తక్కువే అయినా రబ్బరు గట్టిపడి సన్నగా పగుళ్లొచ్చాయి. ఫోర్ బై ఫోర్‌లో ఒకటి కొత్తది, ఒకటి అరిగినది వేస్తే చుట్టుకొలత తేడా గేర్ల మీద పడుతుంది, అందుకే స్టెప్నీతో కలిపి ఐదూ ఒకేసారి మార్చాలి. నలభై ఐదు వేలు తేలింది. "ఇన్నేళ్లు నేను తిప్పాను కాబట్టి సగం నాది, కొత్తవి తిప్పేది నువ్వు కాబట్టి సగం నీది" అన్నారు పెద్దాయన. ఆ మాట కాదనడానికి కుర్రాడికి కారణం దొరకలేదు. నేనూ వెతకలేదు. ముప్పై వేలు, ఇరవై రెండున్నర వేలు తీసేస్తే మిగిలింది ఏడు లక్షల నలభై ఏడు వేల ఐదు వందలు. ఏడున్నరకు బేరం తెగింది. ఆ షెడ్డులో ఎవరూ గొంతు పెంచలేదు.

చిక్కు ఎక్కువగా వచ్చేది అదనపు సామాన్ల దగ్గర. "బంపర్లు, వించి, లిఫ్టు కిట్టుకి లక్షన్నర పెట్టాను" అంటారు. పెట్టింది నిజమే, ప్రేమగా పెట్టుకున్నదీ నిజమే. కానీ బండికి బిగించే బుల్ బార్లు చట్టవిరుద్ధమని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. ఆర్‌సీలో ఉన్న నిర్మాణాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడం మోటారు వాహన చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం. మీకు పనికొచ్చి, చట్టానికి అడ్డురాని సామానుకు సగం ఇవ్వండి. మిగతావి విప్పి ఉంచుకోమనండి, వాళ్లు విడిగా అమ్ముకోవచ్చు.

కాగితాలకూ ధర ఉంటుంది. ఫైనాన్స్ తీరినా ఆర్‌సీలో హైపోతికేషన్ అలాగే ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. పెండింగ్ చలాన్లు అమ్మేవాళ్లే కట్టాలి. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ పన్నెండు నెలలు మించి ఉంచుకుంటే కొత్త రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ తప్పవు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య కూడా ఇదే వరస. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షల వల్ల అక్కడినుంచి చవగ్గా వచ్చేవాటికి ఈ ట్యాక్స్ కలిపి చూస్తే ఆ చవక చాలావరకు కరిగిపోతుంది. పదిహేనేళ్లు నిండిన బండికి ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకోసారి ఆర్‌సీ పొడిగించుకోవాలి. ఆ ఖర్చు, ఆ తిరుగుడు ఎవరివన్నది ముందే మాట్లాడుకోవాలి.

అమ్మేవాళ్లకూ ఒక మాట. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే చట్టం దృష్టిలో యజమాని వాళ్లేనని, ప్రమాదంలో పరిహారం బాధ్యతా వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. అందుకే ఫారం 29, 30 మీద అదే రోజు సంతకాలు చేసి, పద్నాలుగు రోజుల్లో ఆర్‌టీఏకు తెలియజేసి, ట్రాన్స్‌ఫర్ పూర్తయ్యేదాకా వెంటపడండి. వెంటనే పేరు మార్పించుకుంటానని హామీ ఇచ్చి నిలబెట్టుకునే మనిషికి ఐదువేలు తక్కువకిచ్చినా మీకు నష్టం లేదు. బండి అప్పగించిన తేదీతోపాటు గంట, నిమిషం కూడా డెలివరీ కాగితంలో రాసుకోండి.

పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని చేసే బేరం పక్కవాడికి తెలియకుండా చేసేది. బండి బేరాన్నీ కొందరు అలాగే చేస్తారు. అమ్మేవాడు లోపం కప్పుతాడు, కొనేవాడు తన చేతిలో ఎంతుందో కప్పుతాడు. మధ్యలో ఉన్న దళారి ఇద్దరికీ రెండు ధరలు చెబుతాడు. ఈ పద్ధతిలో గెలిచినవాడికి మిగిలేది పదో పదిహేనో వేలు. నేను చెప్పేది తువ్వాలు తీసేసి మాట్లాడమని. పదిమందిని వెంటేసుకుని వెళ్లకండి. బండిని డొక్కు అనకండి, అది ఆయన ఇంటి బండి. సగానికి సగం అడిగి మనసు విరిచేయకండి. చూసినవన్నీ ఒక కాగితం మీద రాసి, ఎదురుగా అంకెలు వేసి, ఆ కాగితాన్నే ఆయన చేతికివ్వండి. కుదరకపోతే నమస్కారం పెట్టి లేచి రండి. కుదిరితే చెప్పిన రోజుకు, చెప్పిన మొత్తం బ్యాంకు ద్వారా పంపండి.

ఇలా కొన్నవాళ్లకు ధర కన్నా విలువైనది ఒకటి దక్కుతుంది. మోసపోయానని గానీ, అవమానపడ్డానని గానీ అనుకోని మనిషి తాళాలతోపాటు బండి చరిత్ర కూడా ఇస్తాడు. రెండో తాళం, పాత బిల్లులు, నమ్మకమైన మేస్త్రి ఫోన్ నంబర్, ఏ గేరు చలిలో మొరాయిస్తుందో, ఎక్కడ ఒకసారి వెల్డింగు చేయించాడో అన్నీ చెబుతాడు. కొండదారిలో, సిగ్నల్ అందని చోట బండి ఆగినప్పుడు మీకు అక్కరకొచ్చేది ఆ మాటలే. అందుకే ఆఖరి ఐదువేల కోసం పట్టుబట్టకండి. అది ఆయనకు వదిలేసి, బండి గురించి ఆయనకు తెలిసినదంతా అడిగి రాసుకోండి.