పదిమందిలో ఎవరిని బతికించాలి?

అగాథా క్రిస్టీ 1939లో ప్రచురించిన ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ నవలలో ఆమె డిటెక్టివ్‌లు పోయిరో, మిస్ మార్పుల్ ఇద్దరూ లేరు. ఇంగ్లండ్‌లో డెవన్ తీరానికి కాస్త దూరాన ఓ దీవి. ముక్కూ మొహం తెలియని ఆసామి పిలుపు మీద అక్కడి బంగళాకు ఎనిమిది మంది అతిథులు వస్తారు. ఇంటిపనికి కుదిరిన భార్యాభర్తలు అప్పటికే అక్కడుంటారు. రాత్రి భోజనాలయ్యాక గ్రామఫోన్ రికార్డు మోగుతుంది. పదిమంది పేర్లూ చదివి, ఎవరు ఎవరి చావుకు కారణమో చెబుతుంది. అన్నీ చట్టానికి అందని నేరాలే. ఇక అక్కణ్నుంచి, గదుల్లో వేలాడదీసిన పిల్లల పాట చెప్పిన తీరులోనే ఒక్కొక్కరూ చచ్చిపోతుంటారు. భోజనాల బల్ల మీది బొమ్మలూ ఒక్కొక్కటిగా మాయమవుతుంటాయి.

నవల ముగిసేసరికి ఎవరూ మిగలరు. పూర్తిగా నిర్దోషి అనదగ్గ మనిషి ఒక్కరూ లేరు గనుక, పాఠకుడు ఎవరి పక్షానా నిలబడలేడు. హంతకుడెవరన్న ప్రశ్న కంటే ఈ ఊపిరాడనితనమే నవలకు ప్రాణమని నా నమ్మకం. దీన్ని తెరకెక్కించిన ప్రతివాళ్లూ తేల్చుకోవలసి వచ్చింది కూడా ఇదే: ఎవరినైనా బతికించాలా, వద్దా?

బతికించే దారి ముందు చూపింది క్రిస్టీయే. 1943లో లండన్‌లో ఆడిన నాటకానికి తన కథను తానే మార్చి రాసుకుంది. కథ చెప్పడానికి వేదిక మీద ఎవరో ఒకరు మిగలాలి కదా. అందుకని ఒక జంటను నిర్దోషుల్ని చేసి, పాట ముగింపును కూడా అందుకు తగ్గట్టు మార్చి, ప్రాణాలతో బయటపడేసింది.

1945లో రెనే క్లేర్ హాలీవుడ్‌లో తీసిన సినిమా నాటకం ముగింపునే అనుసరించింది. పనితనంలో మాత్రం ఈ చిత్రాలన్నిటికీ అదే పెద్దన్న. ఎగిసిపడే అలల మీద చిన్న పడవ, అందులో ఒకరికొకరు తెలియని మనుషులు. మాటల్లేకుండానే సినిమా మొదలవుతుంది, ముఖాలు చూసే మనం వాళ్లను అంచనా కట్టుకోవాలి. ఇంకో చోట ఒకరు తాళంచెవి కన్నంలోంచి పక్కవాళ్లను గమనిస్తుంటారు, వాళ్లని మరొకరు, ఆ మరొకరిని ఇంకొకరు. నవలలో క్రిస్టీ అందరి మనసుల్లోకీ, హంతకుడి మనసులోకి కూడా, వెళ్లి వస్తుంది. అయినా ఎక్కడా అబద్ధం చెప్పదు. కెమెరా అలా లోపలికి వెళ్లలేదు. అందుకే క్లేర్ అనుమానాన్ని చూపులుగా మార్చాడు. ఇంత చేసిన మనిషి చివర్లో జంటను క్షేమంగా ఒడ్డుకు చేర్చడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తర్వాత నిర్మాత హ్యారీ అలన్ టవర్స్ ఇదే కథను మూడుసార్లు తీశాడు: 1965లో మంచుకొండ మీది భవంతిలో, 1974లో ఇరాన్‌లోని ఇస్ఫహాన్ హోటల్లో, 1989లో ఆఫ్రికా సఫారీలో. చోటు మారింది, జంట మాత్రం ప్రతిసారీ బతికింది. ఎడారిలో హోటల్ ఎంత అందంగా ఉన్నా, ఆ విశాలమైన హాళ్లలో భయం పలచబడిపోయింది.

మన దేశంలోనూ 1965లోనే రాజా నవాథే ‘గుమ్‌నామ్’ తీశాడు. క్రిస్టీ చట్రాన్ని తీసుకుని పాటలు, మెహమూద్ హాస్యం, మనోజ్ కుమార్, నందాల ప్రేమ కలిపాడు. ఇందులో నాకు నచ్చింది సంగీత దర్శకులు శంకర్-జైకిషన్‌ల పనితనం. లతా మంగేష్కర్ గొంతు ఎక్కణ్నుంచో మళ్లీ మళ్లీ వినిపిస్తుంటే, నవలలో పిల్లల పాట చేసే పనిని సినిమాలో ఆ బాణీ చేస్తుంది. పాటలు కథకు అడ్డం పడతాయనేవాళ్లు దీన్నొకసారి గమనించాలి.

నవల ముగింపును తెర మీద అలాగే నిలిపిన ఘనత సోవియట్ దర్శకుడు స్తనిస్లావ్ గొవొరుఖిన్‌ది. 1987లో క్రిమియా తీరాన తీసిన ఆ రెండు భాగాల చిత్రంలో ఎవరికీ మినహాయింపు లేదు. పదిమందిలో ఒకరు, తన సంరక్షణలోని పిల్లవాణ్ని సముద్రంలో మునిగిపోనిచ్చిన వేరాను ఆ జ్ఞాపకం ఇల్లంతా వెంటాడుతుంది. ఆమెను జాలిగా చూస్తాం, క్షమించలేం. ఆ ఇరకాటంలో ప్రేక్షకుణ్ని చివరిదాకా నిలబెట్టగలగడం మామూలు విషయం కాదు.

2015లో బీబీసీ కోసం సారా ఫెల్ప్స్ మూడు భాగాలుగా రాసిన రూపం కూడా అందరినీ చంపుతుంది. నవలలో హంతకుడి ఒప్పుకోలు సీసాలో దొరికిన రాతప్రతిగా బయటపడుతుంది. తెర మీద ఉత్తరం చదివిస్తే పట్టు సడలుతుంది కాబట్టి ఫెల్ప్స్ దాన్ని ఎదురెదురు సంభాషణ చేసింది. ప్రాణం పోతున్న మనిషి అప్పటికీ బేరమాడుతుంటే, అవతలి మనిషి నింపాదిగా కారణాలు చెబుతుంటాడు. నవలలో లేని సన్నివేశమే అయినా నవల మనసుకు దగ్గరగా ఉంది.

ఈ కథకు కొత్తవాళ్లయితే ముందు గొవొరుఖిన్ చిత్రం చూడండి, ఆ తర్వాతే క్లేర్‌ది. హంతకుడెవరో తెలిశాక కూడా క్లేర్ సినిమాకు నష్టమేమీ ఉండదు. ఈసారి కళ్లు ఆ ఒక్క మనిషినే వెతుక్కుంటాయి, ప్రతి ఫ్రేములోనూ.