తల్లి జన్యువులు - ఎలుక పిల్లల నడవడి: ఒక విమర్శ

పిల్లకు జన్యువులు సగము తల్లి నుండి, సగము తండ్రి నుండి వచ్చునని ఉన్నత పాఠశాలలో ప్రతి విద్యార్థి నేర్చుకొనుచున్నాడు. ఈ మాట సత్యమే. కాని తల్లి జన్యువు పిల్లలోనికి చేరినపుడే దానిపై పనిచేయునని చాలమంది తలంచుచున్నారు. ఈ రెండవ మాట పరీక్షకు నిలువదు. చిట్టెలుకలపై జరిగిన మూడు ప్రయోగములు ఈ విషయమును తేటపరచినవి. వాని బలమెంతయో, పరిమితి ఎంతయో తూచి చూడవలెను.

చిట్టెలుక పిల్ల పుట్టునప్పటికి దాని కన్నులు తెరచుకొనవు, చెవులు వినవు. సుమారు రెండు వారములకు గాని చూపు రాదు. వాసనపట్టి చన్ను వెదకుకొనుట, గూటికి దూరమైనపుడు మన చెవులకందని అతిధ్వనులతో పిలుచుట, ఇవే దాని తొలి చేష్టలు. తల్లి దానిని నోట కరచి గూటికి చేర్చును, నాకును, మీద వంగి వెచ్చగా ఉంచును. ఈ పెంపకము తల్లి జన్యువులపై ఆధారపడియున్న యెడల, ఆ జన్యువులు పిల్లకు సంక్రమింపకయే దాని జీవితమును దిద్దగలవు.

1996లో అమెరికాలో మైకేల్ గ్రీన్‌బర్గ్ బృందము 'ఫాస్-బి' అను జన్యువు లేని ఎలుకలను పరిశీలించినది. ఆ తల్లులు చెదరిన పిల్లలను గూటికి చేర్చలేదు. పిల్లలలో చాలభాగము మరణించినవి. అట్టి పిల్లలను మామూలు తల్లులకు అప్పగించగా బ్రతికినవి. లోపము పిల్లలలో లేదు, తల్లిలో ఉన్నది. నిదర్శనము బలమైనదే. కాని ఇది చావుబ్రతుకుల సంగతి. మామూలు తల్లుల మధ్యగల చిన్న భేదములు నడవడిని ఎట్లు మార్చునో ఇది చెప్పదు.

ఆ ప్రశ్నకు 2003లో డార్లీన్ ఫ్రాన్సిస్, తామస్ ఇన్సెల్ ప్రభృతులు కొంత సమాధానమిచ్చిరి. 'సి57 బ్లాక్ 6' అను నల్ల ఎలుకలు కొత్తచోట ధైర్యముగా తిరుగును. 'బాల్బ్-సి' అను తెల్ల ఎలుకలు జంకును. నల్ల ఎలుక పిండమును తెల్ల తల్లి గర్భములో ఉంచి, పుట్టిన పిదప తెల్ల తల్లి చేతనే పెంచగా, ఒంటి రంగు నల్లగానే ఉన్నను నడవడి తెల్లవాని వలె మారినది. గర్భము మాత్రమే మార్చినను, పెంపకము మాత్రమే మార్చినను ఇట్లు జరుగలేదు. పుట్టిన తరువాత పిల్లలను మార్చుటతో తృప్తిపడిన ప్రయోగములు సగమే చూచినవని దీనివలన తేలినది.

అయినను ఇందు రెండు కొరతలు గలవు. నడవడిని పరీక్షించినది పెరిగిన ఎలుకలలో. తొలి రోజుల చేష్టలు దారి ఎచ్చట మళ్లినవో తెలియదు. రెండు వంశములకు భేదించు జన్యువులు అనేకము; వానిలో పనిచేసినది ఏదియో ఈ పద్ధతి చూపలేదు.

2015లో ఆష్‌బ్రూక్, హేగర్ మొదలగువారు మరియొక దిశను చూపిరి. ఒకే వంశపు తల్లులకు వేర్వేరు జన్యువులుగల పిల్లలను పెంపకమునకు ఇయ్యగా, పిల్లల జన్యుభేదముల ననుసరించి తల్లుల ప్రవర్తన మారినది. అనగా పిల్ల కేవలము మలచబడు మట్టిముద్ద కాదు. అది తల్లిని కూడ మార్చును.

ఈ మూడింటినుండి ఒక హెచ్చరిక వచ్చుచున్నది. జన్యువు లేని తల్లి పెంచిన జన్యువు లేని పిల్లలను, మామూలు తల్లి పెంచిన మామూలు పిల్లలతో పోల్చిన యెడల, కనుపించిన భేదము పిల్లదో తల్లిదో చెప్పలేము. జన్యువు ఒక్క ప్రతి మాత్రమే గల తలిదండ్రులకు ఒకే కాన్పులో పుట్టిన తోబుట్టువులను పోల్చుట మేలు. వానికి గర్భమును పెంపకమును ఒక్కటే. ప్రయోగ ఫలితమును చదువునపుడు 'ఈ పిల్లలను పెంచిన తల్లి ఏది?' అని విద్యార్థులచేత అడిగించుట ఉపాధ్యాయుల విధి. ఎలుకలలో తేలిన దానిని మనుష్యులకు తొందరపడి అంటగట్టి, బిడ్డల ప్రతి లోపమునకు తల్లిని నిందించుటకు మాత్రము ఈ ప్రయోగములలో ఆధారము లేదు.