కోటి విద్యల్లో కిన్నెర లేదా?

"కోటి విద్యలు కూటి కొరకే" అంటారు. చేవెళ్ల, మొయినాబాద్ వైపు పాట కట్టే పిల్లవాడికీ, బొమ్మలు వేసే పిల్లకూ ఇంట్లో పెద్దలు ఈ సామెతే చెప్పి, ముందు నౌకరీ చూసుకోమంటారు. మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ గుడిలో వీసా రావాలని 11 ప్రదక్షిణలు, వచ్చాక 108 ప్రదక్షిణలు చేసే విద్యార్థులను చూస్తూనే ఉన్నాం. వాళ్లను మనం తప్పు పట్టలేం. ఆకలి తెలిసిన ఇల్లు నెలజీతం కోరుకుంటుంది.

కానీ ఆ సామెత ఏ విద్యనూ వదిలెయ్యమనలేదు. విద్య కూడు పెట్టాలన్నది. మరి కిన్నెరకు కూడు ఏది?

పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన మన రంగారెడ్డి జిల్లా తుర్కయంజాల్‌లోనే కట్టడం పనిలో కూలీగా కనిపించాడు. అదే 2022లో పద్మశ్రీ అందుకున్న కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య డోలి వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథ, కోయ వంశాల కథలు నోటికి చెప్పేవాడు. 2024లో కన్నుమూశాడు. వీళ్లకు కళ సరదా కాదు, కులవృత్తి. వినే ఇళ్లే గింజలు పెట్టి పోషించేవి. ఆ ఇళ్లే కూలికి పోవాల్సి వచ్చాక వాద్యం ఒంటరిదైంది. కాబట్టి "కళా, ఉద్యోగమా" అనే ప్రశ్న మన పెద్దలు వేసుకున్నది కాదు. పోషణ తెగిపోయాక మన తరం మీద పడింది.

ఉద్యోగం కళను చంపుతుందన్న మాటనూ మేము ఒప్పుకోం. కాళీపట్నం రామారావు మాస్టారు విశాఖలో లెక్కలు చెబుతూనే 'యజ్ఞం' రాశారు. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం నిలబెట్టారు. రాసినవి తక్కువ, కానీ ఎవరి మెప్పు కోసమో తొందరపడి రాసినవి కావు. ఆ నిదానానికి జీతం ఆసరా అయిందని మా అభిప్రాయం. అయితే కథను సెలవు రోజున రాసుకోవచ్చు. డోలి కథకు జాతర కావాలి, వినేవాళ్లు కావాలి, వెంట నేర్చుకునే పిల్లలు కావాలి. మాస్టారి దారి రాతకు సరిపోయినంతగా మన నోటి కళలకు సరిపోదు.

గురుకులాల్లో సంగీతానికీ చిత్రలేఖనానికీ టీచరు పోస్టులున్నాయి. వాటికి సర్టిఫికెట్ అడుగుతారు. వంశకథలన్నీ నోటికి వచ్చిన రామచంద్రయ్య లాంటి వాడు దరఖాస్తు కూడా పెట్టలేడు. మన విమర్శ పిల్లల ఇష్టం మీద కాదు, ఈ నిబంధన మీద ఉండాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఉద్యోగం తెచ్చుకోండి. మీ అవ్వ పాటను ఫోన్‌లో రికార్డు చేసి, మీ భాషలోనే రాసి పెట్టుకోండి. తోటి ఉపాధ్యాయులారా, నెలకొకసారైనా ఒక ముసలి కళాకారుణ్ని బడికి పిలిపించి పాఠం చెప్పిద్దాం. వట్టి చేతులతో మాత్రం పంపొద్దు. ఆ పూట కూలి కట్టిచ్చి పంపుదాం.