గోల్కొండ చప్పట్లు: ధ్వని తీవ్రతపై ఒక పరిశీలన

గోల్కొండ దుర్గంలో బాలాహిస్సార్ ద్వారం దగ్గరి గుమ్మటం కింద నిలిచి చప్పట్లు చరిస్తే, ఆ చప్పుడు కొండ శిఖరాన ఉన్న బారాదరిలో వినిపిస్తుంది. సందర్శకులకు గైడ్లు ముందుగా చూపే వింత ఇదే. శత్రువుల రాకను పైవారికి తెలపడానికి కుతుబ్‌షాహీలు చేసిన ఏర్పాటని వారంటారు. 1687లో, ఎనిమిది నెలల ముట్టడి తరువాత లోపలివారే తలుపు తెరిచిన రాత్రి ఏ చప్పట్లూ అక్కరకు రాలేదన్నది వేరే మాట.

గుమ్మటం చప్పుడును పెంచుతుందనే వివరణ మాత్రం అంగీకరించదగినది కాదు. రెండు అరచేతులు పుట్టించిన శక్తికి సున్నపు గచ్చు అణువంతైనా చేర్చజాలదు. ఆరుబయట ధ్వని అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. దూరం రెట్టింపయితే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. వంపు తిరిగిన గట్టి గచ్చు ఆ చెదిరే ధ్వనిలో కొంత భాగాన్ని పరావర్తనం చేసి ఒక దిక్కుకు మళ్ళిస్తుంది. ఉన్నదానిని వృథా పోనీయకపోవడమే ఆ కట్టడంలోని నేర్పు. బీజాపూరు గోల్ గుంబజ్‌లో గుసగుస సైతం ఆవలి గోడ వద్ద వినిపించడానికి మూలం ఇటువంటి పరావర్తనమే.

అయితే తీవ్రత పుట్టిన చోటనే నిర్ణయం కాదు. వినేవాని చుట్టూ ఎంత సద్దు ఉన్నదన్నదీ ముఖ్యమే. సూరత్ మరమగ్గాల షెడ్లలో పనిచేసే మన నేతకారులను అడిగితే తెలుస్తుంది: మూరెడు దూరంలోని మనిషితోనైనా అక్కడ సైగలతోనే మాట్లాడుకోవాలి. గొంతు తగ్గలేదు; చుట్టూ ఉన్న రొద దానిని కప్పివేసింది.

గోల్కొండకు ఇప్పుడు వచ్చిన ముప్పు ఇదే. 1993లో ప్రారంభమై, 2024లో కొత్త హంగులతో పునరుద్ధరింపబడిన ధ్వని-కాంతి ప్రదర్శన కోట చరిత్రను ఎందరికో చేరువ చేసింది, కాదనను. కాని తన సొంత ధ్వనితోనే ప్రసిద్ధమైన కోటలో లౌడ్‌స్పీకర్లు గద్దించడం నాకు రుచించలేదు. కొద్ది నిమిషాలైనా యంత్రాలను ఆపి, చీకటిలో ఒక్క చప్పట్ల మోతను విననిస్తే ఎంత బాగుండును! ఇటీవల ఒక ఆదివారం బారాదరిలో చెవి ఒగ్గి నిలుచున్నాను. కింద గైడు మూడు మార్లు చరిచాడట. జనసమ్మర్దం, దూరపు హారన్ల నడుమ నాకు ఒక్కటే వినిపించింది.

2010 నాటి చట్టసవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల మేర కొత్త నిర్మాణాలు నిషిద్ధం. అది రాతికి రక్షణ. 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు ఆసుపత్రులు, విద్యాలయాలు, న్యాయస్థానాలకు నిశ్శబ్ద మండలాన్ని కల్పించి, పగటి పరిమితి 50 డెసిబెల్స్‌గా విధించాయి. ఇతర ప్రదేశాలను సైతం అలా ప్రకటించే అధికారం ఆ నియమాలలోనే ఉంది. గోల్కొండకు దానిని వర్తింపజేయడానికి కొత్త శాసనమేదీ అక్కరలేదు.