మీటరులో కనపడని గంటలు

హైదరాబాద్ శివారు తుర్కయంజాల్‌లో ఒకే గల్లీలో ఒకే మోడల్ కారు కొన్న ఇద్దరున్నారనుకోండి. ఒకాయన పొద్దున్నే బొంగుళూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి గచ్చిబౌలి వెళ్లిపోతాడు. ఇంకొకాయన ఇంజాపూర్, బీఎన్‌రెడ్డి నగర్, సాగర్ రింగ్ రోడ్డు దాటుకుంటూ దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి క్లచ్ తొక్కీ తొక్కీ కాలు లాగేస్తుంది. కంపెనీ ఇద్దరికీ చెప్పేది ఒకటే: పదివేల కిలోమీటర్లకో, ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు ఆయిల్ మార్చుకోండి. సగటున గంటకు 60 కిలోమీటర్లు పోయే కారుకు పదివేలంటే ఇంజిన్ దాదాపు 167 గంటలు తిరిగినట్టు. 20 దాటని కారుకైతే 500 గంటలు. మీటరు మాత్రం ఇద్దరికీ ఒకే అంకె చూపిస్తుంది.

అందుకే కొత్త కారుకు ఏ ఆయిల్ మంచిదని ఎవరైనా అడిగితే బ్రాండు పేరు చెప్పబుద్ధి కాదు. రోజూ ఏ దారిన పోతావని అడుగుతాను.

ట్రాఫిక్‌లో నిలబడే కారు కంటే కూడా పిల్లల్ని బడి దగ్గర దింపి, కూరగాయలు తెచ్చి, మళ్లీ షెడ్డులో నిద్రపోయే కారుకు గండం ఎక్కువ. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తాం. కాలని పెట్రోలు కొంత, నీటి ఆవిరి కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తాయి. దూరం వెళ్తే ఆ వేడికి ఆవిరైపోయేవే, ఇక్కడ అలాగే ఉండిపోతాయి. "ఏడాదికి నాలుగువేలు కూడా తిరగలేదు, అప్పుడే ఆయిలేంటి?" అని వాదించేది సరిగ్గా ఇలాంటి కార్ల వాళ్లే. ఓనర్స్ మాన్యువల్‌లో కఠిన పరిస్థితులకని వేరే షెడ్యూలు ఉంటుంది. చిన్న చిన్న ప్రయాణాలు, ఆగి ఆగి నడవడం, దుమ్ము రోడ్లు దాని కిందికే వస్తాయి. లేఅవుట్లు లేస్తున్న మన వైపు ఈ మూడింటికీ లోటు లేదు.

ఇక చిక్కదనం గొడవ. సాగర్ రోడ్డు మీద ఏ మెకానిక్‌ని కదిపినా, "అన్నా, కంపెనీ ఆయిల్ నీళ్ల లెక్కుంటది. మన ఎండలకు చిక్కటిది పోస్తేనే ఇంజిన్ తట్టుకుంటది" అంటాడు. అంబాసిడర్, ఫియట్ ఇంజిన్ల మీద చేయి తిరిగిన వాళ్ల దగ్గర నేర్చుకున్న మాట అది, వాటికి సరిపోయింది. ఇప్పటి ఇంజిన్లు వేరు. మారుతి కొన్ని కొత్త పెట్రోల్ ఇంజిన్లకు 0డబ్ల్యూ-16 వాడమంటోంది. ఇందులో మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది, రెండోది 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. బయట మే నెల ఎండ మండినా, డిసెంబరు చలి వణికించినా, వేడెక్కిన ఇంజిన్‌లో కూలెంట్‌ను థర్మోస్టాట్ 90 డిగ్రీల చుట్టుపక్కలే పట్టి ఉంచుతుంది. ఎండకు భయపడి చిక్కటిది పోస్తే, పొద్దున స్టార్ట్ చేయగానే అది పైదాకా చేరడం ఆలస్యమవుతుంది. ఇంజిన్ ఎక్కువగా అరిగేది ఆ కాసేపట్లోనే. మాన్యువల్ రెండు మూడు గ్రేడులు ఇస్తే వాటిలోంచి ఎంచుకోండి, బయటికి పోవద్దు.

డబ్బా మీద చిక్కదనం అంకె పక్కనే ఇంకో రెండక్షరాలు చూడాలి. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ ప్రమాణంలో చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్లలో వేళకు ముందే మంట అంటుకునే జబ్బుకు, టైమింగ్ చైన్ అరుగుదలకు పరీక్షలున్నాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో పొగగొట్టానికి ఫిల్టర్ ఉంటుంది. బూడిద ఎక్కువ మిగిల్చే ఆయిల్ పోస్తే అది పూడిపోతుంది. ఆ ఫిల్టర్ తనను తాను శుభ్రం చేసుకునే లోపే మనం కారు ఆపేస్తుంటే డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. అప్పుడు డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతుంది. తగ్గితేనే కాదు, పెరిగినా కంగారు పడాల్సిందే.

నెలకోసారి బండిని సమతలం మీద ఆపి, ఐదు నిమిషాలాగి, డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ దించి చూస్తే చాలు. రెండు గుర్తుల మధ్య ఉండాలి. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర నూనెడబ్బా దీపం మట్టం కోసం కాదు, ప్రెషర్ పడిపోయిందని వెలుగుతుంది. అది వెలిగాక బంకు దాకా పోదామనుకోకండి, అక్కడే ఇంజిన్ ఆపండి.

సర్వీసుకిస్తే అడగాల్సినవి కొన్నే. ఆయిల్‌తో పాటు ఫిల్టర్ మారిందా, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ పడిందా, బిల్లు మీద గ్రేడు, ప్రమాణం రాశారా? "ఇంజిన్ ఫ్లష్ కూడా చేయిద్దామా సార్" అంటే, మాన్యువల్‌లో ఏ పేజీలో ఉందో చూపించమనండి. బయట మార్పిస్తే వారంటీ పోతుందన్న బెదిరింపు పాతదే. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసిన ఉత్తర్వులో ఆ సంగతీ ఉంది. ఆ తర్వాత అప్పీళ్లు నడిచాయి. వారంటీ ఉన్నన్నాళ్లు నేనైతే కంపెనీ వర్క్‌షాపుకే పోతాను. రేపు ఇంజిన్‌కు ఏదైనా అయితే వాదించేందుకు చేతిలో కాగితం ఉంటుంది.

తీసిన నల్లటి ఆయిల్ ఎటు పోతుందో కూడా అడగాలి. 2016 నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం, అనుమతి ఉన్న రీసైక్లర్లకే చేరాలి. మన దగ్గర అది సెంట్రింగ్ రేకులకు పూతగా పోతుంది, లేదా ఖాళీ ప్లాటులో ఇంకుతుంది. ప్లాటు పక్కనే ఎవరిదో బోరు, కింద చెరువు. కాబట్టి అవసరం లేకుండా మూడువేలకోసారి మార్పించడం కూడా ఇంజిన్ మీద ప్రేమ అనిపించుకోదు.

చాలా కొత్త కార్లు సగటు వేగం చూపిస్తున్నాయి. ఆయిల్ మార్చిన రోజు ఆ లెక్కను సున్నా చేయండి. కొన్ని వేల కిలోమీటర్లయ్యాక అది 45 దగ్గరుంటే పదివేల దాకా నిశ్చింతగా ఉండండి. 20 దగ్గరే ఊగిసలాడుతుంటే కఠిన పరిస్థితుల షెడ్యూలు మీ కోసమే రాశారు.